నునుపు కోసం నెత్తురెందుకు?

మగవాళ్లు గడ్డం గీసుకోవడం ఇంటిల్లిపాదికీ తెలిసిన వ్యవహారమే. వసారాలో అద్దం తగిలించుకుని, పక్కన చెంబుడు నీళ్లు పెట్టుకుని, రేడియో వింటూ తీరిగ్గా గీసుకున్న తాతలు ప్రతి ఇంటా ఉన్నారు. అదే చంకల్లోనో, కాళ్ల మీదో, ఛాతీ మీదో ఉన్న వెంట్రుకలు తీసుకోవాలంటే మాత్రం తలుపు గడియ పడాల్సిందే. ఆ పని ఎలా చేయాలో ఎవరూ ఎవరికీ నేర్పరు. తల్లి కూతురికి చెప్పదు. తండ్రి కొడుకు దగ్గర ఆ ఊసే ఎత్తడు. స్నేహితురాలు చెప్పిందే వైద్యం, ప్రకటనలో చూసిందే జ్ఞానం. చివరికి జరిగేదేమిటంటే, నాన్న వాడి పక్కన పెట్టిన రేజరు గుట్టుగా తీసి గీసుకోవడం, తెగితే ఇంత పసుపు అద్దుకుని ఎవరికీ చెప్పకుండా ఊరుకోవడం!

శ్రీశైలం రోడ్డు మీద ఉన్న కందుకూరు రంగారెడ్డి జిల్లాలో ఓ మండల కేంద్రం. పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కి చదువులకీ కొలువులకీ వెళ్లొచ్చే పిల్లలు ఇలాంటి ఊళ్లలో ఎందరో. నెలనెలా పార్లర్‌కు వెళ్లి వ్యాక్సింగ్ చేయించుకోవడానికి డబ్బూ చాలదు, తీరికా ఉండదు. అందుకే అరచేతిలో ఇమిడే ఎలక్ట్రిక్ షేవర్ ఒకటి కొని బీరువాలో బట్టల కింద దాచుకుంటున్నారు. అది ఇంట్లో పెద్దావిడ కంట పడిందా, ఇక మొదలు... ''కత్తి పెట్టకు బిడ్డా, ముళ్ల లెక్క మొలుస్తయి!''

ఆ భయంలో నిజమెంత? బ్లేడు మంచిదా, మిషన్ మంచిదా? విచిత్రమేమిటంటే, ఈ రెండో ప్రశ్నకు గట్టి జవాబు దొరికింది బ్యూటీపార్లర్‌లో కాదు, ఆపరేషన్ థియేటర్‌లో.

ఆసుపత్రి నేర్చుకున్న పాఠం

ఒకప్పుడు ఆపరేషన్ అనగానే ముందురోజు సాయంత్రమే రోగి ఒంటి మీద కోత పడేచోట రేజరుతో నున్నగా గొరిగేసేవారు. వెంట్రుకల్లో క్రిములుంటాయి, అవి గాయంలోకి పోతాయి కాబట్టి తీసేస్తేనే శుభ్రం అని నమ్మకం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ లెక్కలు తీసి చూస్తే కథ అడ్డం తిరిగింది.

1971లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో రేజరుతో గొరిగించుకున్నవారిలో 5.6 శాతం మందికి ఆపరేషన్ గాయం చీము పట్టింది. రోమాలు అసలు తీయనివారిలో, క్రీముతో తొలగించినవారిలో అది 0.6 శాతమే. ఆ తర్వాత కెనడాలోని కాల్గరీలో పీటర్ క్రూజ్ అనే సర్జన్, రోజ్‌మేరీ ఫోర్డ్ అనే నర్సు కలిసి పదేళ్లపాటు ఓపిగ్గా దాదాపు 63 వేల ఆపరేషన్ గాయాలను గమనించి 1980లో ఫలితాలు ప్రకటించారు. శుభ్రమైన ఆపరేషన్లలో రేజరుతో గొరిగినప్పుడు 2.5 శాతం గాయాలకు ఇన్‌ఫెక్షన్ వచ్చింది. వెంట్రుకలను పొట్టిగా కత్తిరించి వదిలేస్తే 1.7 శాతం. ఎలక్ట్రిక్ రేజర్ వాడితే 1.4 శాతం. ఏమీ చేయకుండా వదిలేస్తే 0.9 శాతం!

దీనికి కారణం వెంట్రుక కాదు, బ్లేడు. ఎంత నేర్పుగా గీసినా పదునైన బ్లేడు వెంట్రుకతో పాటు చర్మం పై పొరనూ కొంచెం చెక్కేస్తుంది. ఆ గాట్లు కంటికి కనిపించవు. సబ్బు తగిలినప్పుడు చురుక్కుమంటేనే తెలుస్తుంది. చర్మం మీద మామూలుగా బతికే క్రిములకు ఆ గాట్లే ఇళ్లు. అందుకే అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం 1999లోనే, తప్పనిసరైతే తప్ప రోమాలు తీయవద్దనీ, తీయాల్సి వస్తే ఆపరేషన్‌కు కాస్త ముందు ఎలక్ట్రిక్ క్లిప్పర్‌తో కత్తిరించమనీ సూచించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రేజరుతో గొరగడాన్ని పూర్తిగా వద్దంది.

ఇంట్లో స్నానాల గదిలో ఎవరూ కడుపు కోసుకోరు కదా అనుకోవచ్చు. నిజమే, ఆసుపత్రి లెక్కల్ని ఉన్నవున్నట్టు ఇంటికి వర్తింపజేయలేం. కానీ చర్మం ఒకటే, బ్లేడూ ఒకటే. చంకల్లో ఎర్రటి పొక్కులు, కాళ్ల మీద చీము గడ్డలు, తొడల సందుల్లో మంట... వీటిలో చాలావాటికి మూలం ఆ కనిపించని గాట్లే. నునుపు కోసం ఆ మాత్రం నెత్తురు చిందించాల్సిన పనిలేదన్నది ఆసుపత్రి నేర్పే నీతి.

మూడు మిషన్లు... మూడు పనులు

ఎలక్ట్రిక్ షేవర్ ఈనాటిది కాదు. అమెరికా సైన్యంలో పనిచేసిన జాకబ్ షిక్ 1930లో దీనికి పేటెంటు పొంది, 1931లో అమ్మకాలు మొదలుపెట్టాడు. గుండ్రంగా తిరిగే బ్లేడ్ల షేవర్‌ను 1939లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చింది. దాన్ని రూపొందించింది అలెగ్జాండర్ హోరోవిట్జ్ అనే ఇంజినీరు.

ఇప్పుడు దుకాణంలో 'హెయిర్ రిమూవర్' అని అడిగితే మూడు రకాల మిషన్లు చూపిస్తారు. తేడా తెలియక ఒకటి కొనబోయి మరొకటి కొనేవాళ్లే ఎక్కువ.

మొదటిది ట్రిమ్మర్. మంగలి షాపు మిషన్‌కు చెల్లెలు. దువ్వెన పళ్లలాంటి రెండు పలకలు ఒకదానిపై ఒకటి చకచకా కదులుతూ వెంట్రుకను కత్తిరిస్తాయి. చర్మానికి ఆనించినా రవ్వంత మొదలు మిగులుతుంది. చేయి వేస్తే కాస్త గరుగ్గా ఉంటుంది కానీ, తెగే భయం తక్కువ.

రెండోది షేవర్. దీని తలపై సన్నటి చిల్లుల రేకు ఉంటుంది. వెంట్రుకలు చిల్లుల్లోంచి లోపలికి దూరితే అడుగున కదిలే బ్లేడు వాటిని కోసేస్తుంది. చర్మానికీ బ్లేడుకూ మధ్య ఆ రేకు అడ్డుగోడలా నిలుస్తుంది. అందుకే బ్లేడంత నునుపు రాకపోయినా, గాయాలు తక్కువ.

మూడోది ఎపిలేటర్. చూడ్డానికి షేవర్‌లాగే ఉంటుంది కానీ పని పూర్తిగా వేరు. అది కోయదు, పట్టకార్లలా పట్టుకుని వేళ్లతో సహా పీకుతుంది. 1986లో ఇజ్రాయెల్‌లో తయారైన 'ఎపిలేడీ'తో ఈ రకం ప్రపంచానికి తెలిసింది. నునుపు ఎక్కువ రోజులు ఉంటుంది. నొప్పీ అలాగే ఉంటుంది. షేవర్ అనుకుని దీన్ని చంకలో పెట్టుకున్నవాళ్లు జన్మలో మళ్లీ మిషన్ జోలికి పోరు! పెట్టె మీద ఏముందో చదివాకే డబ్బులివ్వడం మంచిది.

ముళ్లలా మొలుస్తాయా?

ఇక అమ్మమ్మల భయం సంగతి. గీసేకొద్దీ వెంట్రుక మందంగా, నల్లగా, గుబురుగా వస్తుందన్న మాట మన దగ్గరే కాదు, ప్రపంచమంతా ఉంది. అమెరికా శరీర నిర్మాణ శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లోనే దీన్ని పరీక్షించింది. కొందరు మగవాళ్లు గీసుకున్న గడ్డం వెంట్రుకలను సేకరించి సూక్ష్మదర్శినితో కొలిచింది. గీయడం వల్ల మందం గానీ, పెరిగే వేగం గానీ మారలేదు. 1970లో మరో పరిశోధనలో ఐదుగురు యువకులు కొన్ని నెలలపాటు వారానికోసారి ఒక కాలు మాత్రమే గీసుకున్నారు. రెండో కాలు అలాగే వదిలేశారు. చివర్లో పోల్చి చూస్తే రెండు కాళ్ల వెంట్రుకలకూ తేడా లేదు.

వెంట్రుక కుదురు చర్మం లోపల ఉంటుంది. పైకి కనిపించే భాగానికి ప్రాణం లేదు. పైన ఎవరు కోశారో, దేనితో కోశారో కింద కుదురుకు తెలియదు. మరి గరుగ్గా ఎందుకు తగులుతుంది? సహజంగా పెరిగిన వెంట్రుక కొస సూదిలా సన్నగా ఉంటుంది. మధ్యలో కోస్తే ఆ సన్నటి కొస పోయి మొండి మొదలు మిగులుతుంది. వరి కోసిన మడిలో కొయ్యకాళ్లు గుచ్చుకున్నట్టన్నమాట. కొయ్యకాలు గుచ్చుకుంటోందని వరి లావెక్కిందని ఎవరూ అనరు కదా!

ఈ నమ్మకం బలపడటానికి మరో కారణం ఉంది. పిల్లలు రోమాలు తీయడం మొదలుపెట్టేది పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు. సరిగ్గా అప్పుడే హార్మోన్ల వల్ల ఒంటి మీది నూగు ముదురు వెంట్రుకలుగా మారుతుంటుంది. గీసినా గీయకపోయినా అవి ముదిరేవే. నింద మాత్రం మిషన్ మీద పడుతుంది.

సున్నిపిండి కాలం

అలాగని పాతవన్నీ కొట్టిపారేయాల్సినవి కావు. నువ్వుల నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి స్నానం చేయిస్తే మురికి, మృతకణాలు పోయి ఒళ్లు తేటపడుతుంది. ఆ రాపిడికి సన్నటి నూగు కొంత ఊడవచ్చు. ముదురు వెంట్రుకల్ని తీయడం మాత్రం దానివల్ల కాదు. పసిపిల్లల ఒంటి మీది నూగు పోవాలని పిండిముద్దతో గట్టిగా రుద్దడం మంచిది కాదు. ఆ నూగు వారాలు గడిచేకొద్దీ తనంతట తానే రాలిపోతుంది. రుద్దుడు వల్ల లేత చర్మం ఎర్రబడి కందిపోవడమే మిగులుతుంది.

హరితాళం, సున్నం కలిపి పూసే పద్ధతి పాత వైద్య గ్రంథాల్లో ఉంది. హరితాళం అంటే ఆర్సెనిక్ ఉన్న ఖనిజం, అక్షరాలా విషం. పాతదన్న ఒక్క కారణంతో అలాంటివాటిని ఒంటికి పూసుకోవడం ప్రమాదం.

ఇంట్లో వాడేటప్పుడు

మిషన్ మంచిదే అయినా వాడే తీరు ముఖ్యం. ముందు స్నానం చేసి, చెమట, జిడ్డు పోయాక ఒంటిని పూర్తిగా తుడుచుకోవాలి. చాలా షేవర్లు పొడి చర్మం మీదే బాగా పనిచేస్తాయి. తడి మీద కూడా వాడవచ్చని కంపెనీ రాసినవాటిని మాత్రమే నీళ్ల దగ్గరకు తీసుకెళ్లాలి. వైరుతో ప్లగ్గుకు తగిలించి ఉన్న మిషన్‌ను తడి నేల మీద నిలబడి వాడటం ప్రాణాలతో చెలగాటమే. ఛార్జింగ్ పూర్తయ్యాక తీగ పీకేసి, పొడిగా ఉన్న గదిలో, మంచి వెలుతురులో, స్థిమితంగా కూర్చుని చేయాలి.

వెంట్రుకలు పొడుగ్గా ఉంటే మొదటే షేవర్ పెట్టకూడదు. చిల్లుల్లోకి దూరక లాగేస్తాయి. ముందు ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించి, ఆ తర్వాతే షేవర్ వాడాలి. రెండో చేత్తో చర్మాన్ని సాగదీసి పట్టుకోవాలి. అదిమితే బాగా వస్తుందనుకోవడం పొరపాటు. అదిమినప్పుడే చర్మం చిల్లుల్లోకి చొచ్చుకుపోయి కందుతుంది. తేలిగ్గా ఆనించి నెమ్మదిగా కదిపితే చాలు. ఒకేచోట పదేపదే తిప్పకూడదు.

చంకల్లో వెంట్రుకలు ఒకే దిక్కున ఉండవు. చేయి బాగా పైకెత్తి, పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ, పక్కకూ కొద్దికొద్దిగా తిప్పాలి. వెంటనే సెంటు స్ప్రేలు కొట్టుకుంటే భగ్గుమంటుంది. రాత్రి పడుకునే ముందు పని ముగించుకుంటే తెల్లారేసరికి చర్మం కుదుటపడుతుంది. మోకాళ్లు, మడమల దగ్గర ఎముక పైకి ఉంటుంది కాబట్టి మోకాలు కాస్త వంచి గీయాలి. పుట్టుమచ్చలు, పులిపిర్లు ఉన్నచోట వాటిని తప్పించాలి. అయ్యాక వాసన లేని మాయిశ్చరైజరో, నాలుగు చుక్కల కొబ్బరి నూనో రాస్తే సరిపోతుంది.

జననాంగాల దగ్గర మాటేమిటి? అక్కడ చర్మం పలుచన, ముడతలు ఎక్కువ. రేకు షేవర్‌ కన్నా దువ్వెన తొడుగు ఉన్న ట్రిమ్మరే క్షేమం. మూడు, నాలుగు మిల్లీమీటర్లు వదిలి పొట్టిగా కత్తిరిస్తే చాలు. పూర్తి నునుపు కోసం పోతే వెంట్రుక తిరిగి మొలిచేటప్పుడు చర్మంలోకే వంకర తిరిగి గుచ్చుకుని పొక్కులు లేస్తాయి. ఉంగరాల జుట్టువాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. అసలు అక్కడి రోమాలు మురికి కావు. చర్మానికి చర్మం రాసుకోకుండా అవి అడ్డుగా ఉంటాయి. తీయకపోతే అశుభ్రం అనుకోనక్కర్లేదు. రోజూ నీళ్లతో కడుక్కుంటే అదే శుభ్రం.

ఎవరి మిషన్ వాళ్లకే

కొత్త షేవర్ ఇంటికొస్తే అన్నా చెల్లెళ్లు, అత్తా కోడళ్లు అందరూ వాడేసుకోవడం చూస్తుంటాం. టూత్‌బ్రష్ పంచుకోని వాళ్లు కూడా దీన్ని పంచుకుంటారు. కంటికి కనిపించనంత రక్తం చాలు, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి లాంటివి ఒకరి నుంచి మరొకరికి పాకడానికి. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలిచ్చే భక్తుడికి టోకెన్‌తో పాటు బ్లేడు చేతికివ్వడం వెనకున్న జాగ్రత్త అదే. వేలమంది వచ్చేచోట పాటించే నియమం నలుగురున్న ఇంట్లో పాటించలేమా?

తామర మరో తలనొప్పి. తామర ఉన్నచోట మిషన్ తిప్పి, అదే మిషన్‌ను మరోచోట పెడితే మచ్చ అక్కడికీ చేరుతుంది. తగ్గేదాకా ఆ జాగాలో మిషన్ పెట్టకపోవడమే మేలు. ముఖానికీ, ఒంటికీ వేర్వేరు తలలు వాడుకోవాలి. పని కాగానే తల విప్పి బ్రష్‌తో వెంట్రుకలు దులపాలి. కడగవచ్చని రాసి ఉంటే కడిగి, పూర్తిగా ఆరాకే మూత పెట్టాలి. రేకు చిరిగినా, సొట్ట పడినా వెంటనే మార్చాలి. బాగానే కనిపించినా, ఏడాదిన్నర నుంచి రెండేళ్లకోసారి తల మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి.

మధుమేహం ఉన్నవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు బ్లేడు కన్నా మిషన్‌నే ఎంచుకోవడం క్షేమం. చిన్న గాటుకే చర్మం గడ్డకట్టి కెలాయిడ్లు వచ్చే తత్వం ఉన్నవాళ్లు చర్మ వైద్యుల్ని అడిగి మొదలుపెట్టాలి.

రోమం చెప్పే కబురు

మిషన్ తీయగలిగేది వెంట్రుకనే, దాని కారణాన్ని కాదు. ఆడపిల్లలకు ముంజేతుల మీద, పిక్కల మీద వెంట్రుకలుండటం పూర్తిగా సహజం. కానీ గడ్డం కింద, పైపెదవి మీద, ఛాతీ మధ్యలో, బొడ్డు కింద ముదురు వెంట్రుకలు వస్తుంటే, దాంతో పాటు నెలసరి తప్పుతుంటే అది హార్మోన్ల కబురు. ఫెరిమన్, గాల్వే అనే ఇద్దరు వైద్యులు 1961లో ఒంట్లో ఎక్కడెక్కడ ఎంత వెంట్రుక ఉంటే ఆలోచించాలో ఒక కొలబద్ద తయారు చేశారు. ఇప్పుడు వాడుతున్న దాని సవరణలో ముంజేతుల్నీ, పిక్కల్నీ లెక్కలోకే తీసుకోరు.

ఎక్కువమందిలో దీని వెనక ఉండేది పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్. షికాగో వైద్యులు స్టీన్, లెవెంతాల్ 1935లో దీన్ని వివరించారు. 'పెళ్లయితే అదే సర్దుకుంటుంది' అని దాటేస్తే తర్వాత సంతానం దగ్గర, షుగర్ దగ్గర అదే సమస్య ఎదురొస్తుంది. కొద్ది నెలల్లోనే విపరీతంగా వెంట్రుకలు రావడం, గొంతు బొంగురుపోవడం లాంటివి ఉంటే ఒక్క వారం కూడా ఆగకూడదు. పెళ్లిచూపుల ముందు గడ్డం కింద గుట్టుగా మిషన్ పెట్టుకునే అమ్మాయికి కావాల్సింది మందలింపు కాదు, ఒకసారి డాక్టరు దగ్గరకు తోడు వెళ్లే తల్లి.

వైద్యం జరుగుతుండగా షేవర్ వాడవచ్చా అంటే, నిరభ్యంతరంగా వాడవచ్చు. హార్మోన్ పరీక్షలకు దానివల్ల ఏ అడ్డూ లేదు. లేజర్ చికిత్స చేసే వైద్యులు కూడా వ్యాక్సింగ్ మాని, గీసుకునే రమ్మంటారు. లేజర్ పనిచేయాలంటే లోపల కుదురులో వెంట్రుక ఉండాలి. పీకేస్తే అదీ పోతుంది.

కత్తెర పడే ముందు

ఒక్క సందర్భంలో మాత్రం ఇంట్లో బ్లేడూ వద్దు, మిషనూ వద్దు. సిజేరియనో, హెర్నియానో, మరేదో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారనుకోండి. 'డాక్టర్ల ముందు సిగ్గుగా ఉంటుంది, శుభ్రం చేసుకుని వెళ్దాం' అని ముందురోజు రాత్రి అందరూ చేసే పని గీసుకోవడమే. చేయకూడని పనీ అదే. తీయాల్సిన అవసరం ఉంటే ఆసుపత్రిలో నర్సే క్లిప్పర్‌తో కత్తిరిస్తుంది. అక్కడ ఎవరైనా రేజరు పట్టుకొస్తే ''క్లిప్పర్ లేదా సిస్టర్?'' అని అడగడం రోగి హక్కు, తోడెళ్లినవాళ్ల బాధ్యత.

మిగతా రోజుల్లో తీసుకోవడమా, మానడమా అన్నది ఎవరిష్టం వారిది. తీసుకుంటే చర్మం తెగకుండా తీసుకోవాలి. మానేస్తే సిగ్గుపడకుండా మానేయాలి. ఇంట్లో ఆడపిల్ల బీరువాలో బట్టల కింద చిన్న మిషన్ కనిపిస్తే కేకలేయాల్సిన పనిలేదు. దాని రేకు చిరగలేదు కదా, వాడాక తల కడిగి ఆరబెడుతోందా అని అడిగితే చాలు.